పక్క చాప

రెండో రోహిణి, సోమవారం

ఈ ఉదయం సాంబయ్య పోయాడు. కబురు వినగానే నాకు మొట్టమొదట తట్టింది, రేపటి నుంచి పడవల్లోకి ఐసు దిమ్మలు ఎవరు ఎత్తుతారని. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఇలాంటివి రాయమని, మాలాంటి ఊళ్లకి సాయం చేసే తోడునిధి సంస్థ వాళ్లు అడగలేదు. మా చలువ సంఘం రోజూ ఏం చేస్తోందో, దానివల్ల ఊరికి ఏం ఒరిగిందో నాలుగు ముక్కలు రాసి ఉంచమన్నారు, అంతే. రాయడం మొదలుపెడితే నా చెయ్యి కూడా నా నోరు లాంటిదే, పట్టపగ్గాలుండవు. వాళ్లకి పంపేది విడిగా రాసి, తల దువ్వి, పౌడరు రాసి పంపుతాను. ఇది నాకోసం.

సాంబయ్యది ఎండదెబ్బ కాదు, గుండె. ఆ సంగతి తెలిసి హమ్మయ్య అనుకున్నాను. సంఘం తరఫున వేడిని పసిగట్టే చలువ గాజులు పంచాక మా ఊరు కొత్తకట్టలో ఎండకి ఒక్కరూ పోలేదని ఊరూరా చాటుకుంటున్నాను కదా, ఆ మాట నిలబడింది. మనిషి పోయిన ఇంటి గుమ్మంలో నిలబడి అలా అనుకోవచ్చా? అనుకున్నాను మరి.

చావు ఉన్నా పని ఆగదు. పొద్దున్నే మస్తాన్‌బీ, నేను సోలార్ పలకల మీద ఉప్పు తుడిచాం. కట్టకి అవతలి నుంచి సముద్రం తీరిక లేకుండా ఉమ్మేస్తూనే ఉంటుంది. తర్వాత డబ్బాల్లోంచి దిమ్మలు జారవిడిచి, ఇద్దరం కలిసి ఈడ్చుకుంటూ చేపల పడవలకి చేర్చాం. ఐసు ఫ్యాక్టరీని నడిపేది మస్తాన్‌బీ. సంఘం తరఫున నలుగురితో మాట్లాడేది, నలుగురికీ చెప్పుకునేది నేను. ఐసు అమ్మితే ఫ్యాక్టరీ నడుస్తుంది. ఫ్యాక్టరీలో మిగిలిన చలవంతా గొట్టాల్లో పక్కనున్న సావిట్లోకి వెళుతుంది. పొద్దెక్కితే బయట కోడిపెట్ట కూడా నిలవదు కాబట్టి, ఊరు ఊరంతా ఆ సావిట్లో చాపలేసుకుని పొద్దు వాలేదాకా పడుకుంటుంది. ఎవరినీ పైసా అడగం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా అమ్మమ్మ అనేది. ఆవిడ కాలంలో ఏడాదికి ఒక్కటే రోహిణి. మాకు మూడు, ఒక్కోటీ నెలకి పైనే.

సావిట్లో సాంబయ్య చాప గోడవారన, అతని భార్య రావమ్మ చాప మధ్యలో, ఆ పక్కది నాది. నాకు అవతలి పక్కన స్తంభం. రావమ్మ నాకు చుట్టమేమీ కాదు. పక్క చాప కాబట్టి అత్తా అంటాను, ఆమె కోడలా అంటుంది. ఈవేళ ఆ రెండు చాపలూ చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి.

రెండో రోహిణి, సాంబయ్య పదోరోజు

ఇంకా వెలుతురు రాకముందే రావమ్మని కాలవ గట్టుకి తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను. సంఘం మనిషిగా వెళ్లడం ధర్మం, పైగా పక్క చాప.

చలువ గాజు గురించి ఒక మాట చెప్పాలి. దాని చుట్టూ గాలి ఎంత వేడిగా ఉందో పసిగట్టి సావిట్లోని దీపాల బోర్డుకి చెబుతుంది. చల్లగా ఉంటే ఆ ఇంటి దీపం పచ్చగా వెలుగుతుంది, వేడి హద్దు దాటితే ఎర్రగా. ఇంటికొక గాజు, ఆడవాళ్ల చేతికి. మొదట జేబులో పెట్టుకునే బిళ్లలు చేయిద్దామన్నారు. జేబులోది ఎక్కడో పడిపోతుంది, ఆడదాని చేతి గాజు ఎవరూ తియ్యరు అని వాదించి గెలిచింది నేనే.

గట్టు మీద రావమ్మ చేతి మట్టిగాజులు రాయి పెట్టి చితక్కొట్టారు. చలువ గాజు పగల్లేదు. మళ్లీ కొట్టారు. రాతి పెచ్చు లేచింది కానీ గాజుకి గీత పడలేదు. కొడుతున్న పెద్దావిడ విసుక్కుని, "ఇదేం చోద్యమే, దీనికి మొగుడు పోలేదంటావా" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటు గర్వం కూడా. తయారు చేసినవాళ్లకి ఈ ముచ్చట రాయాలి అనుకున్నాను. చివరికి రావమ్మ చెల్లెలు దాన్ని చేతిలోంచి లాగేసి, తాళితో పాటు పాలగిన్నెలో వేసింది.

అప్పుడు రావమ్మ నా వంక చూసింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాను. నేను ఏడుస్తున్నాననుకుంది కాబోలు, తల ఊపింది. ఆ తల ఊపు గుర్తొస్తే ఇప్పుడు చెవులు వేడెక్కుతున్నాయి.

ఇక ఆమె మూల కూర్చోవాలి. ఎవరైనా వచ్చి పిలవందే గడప దాటకూడదు. సావిడి కట్టిన కొత్తలో దీనిమీద పెద్ద రగడే జరిగింది. మూలంటే ఇంట్లో మూలేనని పెద్దలు, ఈ ఎండల్లో ఇంటి మూలన కూర్చోబెడితే ఆమె దినం కూడా కలిపి పెట్టుకోండని మస్తాన్‌బీ. ఆఖరికి సావిట్లో ఓ మూల చీర అడ్డం కట్టి, కూర్చోవడానికి ఇదీ మూలేనని, నిద్రకి మాత్రం ఎవరి చాప వాళ్లదేనని ఒప్పించాం. పక్క చాపవాళ్లు రోజూ వెళ్లి, నెత్తిన తడిగుడ్డ కప్పి, పిలుచుకురావాలి. మూల కూర్చున్నవాళ్లనే కాదు, ఎవరి చాప ఖాళీగా ఉన్నా పక్కవాళ్లు లేచి వెళ్లాల్సిందే. పక్క చాప ఖాళీగా ఉంటే కన్ను మూతపడదని మా ఊళ్లో ఓ సామెత. గాజులు వచ్చాక ఆ సామెత వినపడటం తగ్గింది. అందరూ చాప వైపు కాక బోర్డు వైపు చూస్తున్నారు. అది మంచిదే అనుకున్నాను.

రెండో రోహిణి, ముసురు

దినం మర్నాటి నుంచి ముసురు. ఇళ్లలోనే ఉండొచ్చు, సావిడి ఖాళీ. రావమ్మకి తోడుగా చెల్లెలు ఉంది కాబట్టి నాకు చింత లేదు.

తోడునిధి నుంచి హిమజగారు వస్తున్నారని కబురు. మన గాజులు నచ్చితే సముద్రపు కట్ట పొడుగునా ఉన్న ఊళ్లన్నిటికీ ఇదే పద్ధతి పెడతారట. చిన్న ఊరి ఐసు సంఘం, తన కాళ్ల మీద తాను నిలబడి, పది ఊళ్లకి నీడ పట్టడం మాటలా? అద్దం ముందు నిలబడి ఆవిడతో ఎలా మాట్లాడాలో వల్లె వేసుకున్నాను. మస్తాన్‌బీ గుమ్మంలోంచి చూసి, "పెళ్లిచూపులా?" అని అడిగింది. ఐసు అమ్ముకునేదానికి ఇవన్నీ ఏం తెలుస్తాయి అనుకున్నాను. అనలేదు కాబట్టి మర్యాదస్తురాలినే.

రెండో రోహిణి, సోమవారం

వాన తెరిపిచ్చింది. ఎండ మాత్రం బాకీ తీర్చుకోవడానికి వచ్చినట్టే వచ్చింది. రావమ్మ చెల్లెలు తెల్లవారుజామునే పడవెక్కి వాళ్లూరు వెళ్లిపోయింది. "అక్క జాగ్రత్తమ్మా" అని నాకు చెప్పే వెళ్లింది. నేను చూసుకుంటానులే అన్నాను.

ఊరంతా సావిట్లో చేరింది. రావమ్మ చాప ఖాళీగా ఉంది. లేవబోయి బోర్డు వైపు చూశాను. ఆమె ఇంటి దీపం పచ్చగా వెలుగుతోంది. అందరికంటే పచ్చగా. అంటే మనిషి ఇంట్లోనే ఉండి చల్లగా ఉందన్నమాట. ఎలా సాధ్యం? ఆలోచించాను. కొత్తకట్టలో అందరివీ రేకుల ఇళ్లు, సాంబయ్య ఒక్కడే మొండికేసి మట్టిగోడలు పెట్టుకున్నాడు. మట్టిగోడ మహత్యం. నా తెలివికి నేనే మురిసిపోయాను. హిమజగారికి చూపించడానికి ఇంతకంటే మంచి ఇల్లు ఏముంటుంది?

మస్తాన్‌బీ తన చాప మీంచి లేచి వచ్చింది. "రావమ్మత్త రాలేదేంటి? ఎల్లి పిలవలేదా?"

"దీపం చూడు. మనకంటే చల్లగా ఉంది."

"పచ్చగా ఎలిగితే ఎలగనీ. చాప ఖాళీగా ఉందిగా."

"నీకు మిషన్ల మీద నమ్మకం లేదు మస్తానూ."

"మిషన్లు నడిపేది నేనే ఇందూ," అంది. "పోనీ నేను ఎల్లి తీసుకురానా?"

నాకు ఒళ్లు మండింది. అందరూ వింటున్నారు. "పక్క చాప నాది. నా పని నేను చూసుకుంటాను" అన్నాను. ఆ మాట తర్వాత ఇంకొకరు వెళ్లడానికి మా ఊళ్లో పద్ధతి ఒప్పుకోదు. మస్తాన్‌బీ వెళ్లిపోయింది.

అన్నాను కాబట్టి లేచాను. సావిడి మెట్ల దాకా వెళ్లాను. మెట్టు మీద కాలు పెడితే చుర్రుమంది. మెట్ల మీంచి రావమ్మ ఇంటి కప్పు కనపడుతుంది. కాసేపు అలా చూసి, లోపల దీపం పచ్చగానే ఉంది కదా అని వెనక్కి వచ్చి పడుకున్నాను. నిద్ర బాగానే పట్టింది.

రెండో రోహిణి, మంగళవారం

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దెక్కాక హిమజగారు, లోపలంతా చలువ నిండిన చల్లబండిలో దిగారు. నెమ్మదస్తురాలు, మాట మెత్తన. వెంట బొమ్మలు తీసే అతను. ఫ్యాక్టరీ చూపించాను, సావిడి చూపించాను, బోర్డు ముందు నిలబడి వల్లె వేసినదంతా అప్పజెప్పాను. ఆవిడ అన్ని దీపాలూ చూసి రావమ్మ దీపం దగ్గర ఆగింది.

"ఈ ఇంటివాళ్లు సావిట్లో లేరంటున్నారు. అయినా ఇంత చల్లగా ఎలా ఉందండీ?"

నా ముఖం వెలిగిపోయి ఉంటుంది. మట్టిగోడ కథ చెప్పాను. ఆవిడ వెళ్లి చూద్దామంది. మిట్టమధ్యాహ్నం. చల్లబండి గుమ్మం దాకా వచ్చింది, కాలు కింద పెట్టే పని లేదు. పక్క చాప కోసం దిగని మెట్లు అతిథి కోసం గబగబా దిగాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను. లోపలి వేడి ముఖానికి తగిలింది. వాకిలి దాటిన మొదటి అడుగులోనే నాకు అంతా అర్థమైంది. మట్టిగోడ గొప్పే, కానీ ఈ రోహిణికి అది కూడా ఓడిపోయింది. రావమ్మ మూలన గోడకి చేరగిలబడి ఉంది. ముఖం మీద వేసుకున్న తడిగుడ్డ ఎండి అట్టకట్టింది. గూట్లో నీళ్ల ముంత ఉంది. అందులో, పాలు వదలడానికి నానేసిన చలువ గాజు, చల్లగా, క్షేమంగా ఉంది.

నేను మొదట రావమ్మ వైపు పరుగెత్తలేదు. హిమజగారి ముఖం చూశాను. ఆవిడకి అర్థమైందా లేదా అని చూశాను. ఒక్క క్షణమే. ఎవరూ గమనించి ఉండరు. నేను గమనించాను.

తర్వాత అందరం పరుగెత్తాం. చల్లబండిలో వేసి ఐసు గదికి తెచ్చాం. మస్తాన్‌బీ ఐసు దంచి చంకల్లో, మెడ కింద పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. "గుడ్డ పట్టుకో, అటు పట్టుకో" అంతే. ఊపిరి ఉంది, సన్నగా. హిమజగారు నా భుజం మీద చెయ్యి వేసి, "మీరు సమయానికి తీసుకొచ్చారు" అంది. నేను కాదని అనలేదు.

రెండో రోహిణి, శుక్రవారం

రావమ్మ బతికింది. ఎడమ కాలు సరిగా నిలవడం లేదు, మాట మెల్లగా వస్తోంది. కానీ బతికింది.

ఈ ఉదయం చీర అడ్డం కట్టిన మూలలోకి గంజి తీసుకెళ్లాను. నన్ను చూసి లేవబోయింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. బోసిగా ఉన్న ఆ చెయ్యి నా చేతిని వదల్లేదు.

"సోమవారం వత్తావనుకున్నా కోడలా. పనిలో ఉన్నావేమోలే అనుకున్నా. పిలవందే ఎలా వత్తాను చెప్పు. సాంబయ్య ఆత్మకి పాపం తగలదూ? మంగళవారం వత్తావనుకున్నా."

నేను గంజి కలుపుతూ కూర్చున్నాను.

"కళ్లు తిరిగిపోతన్నాయి. అప్పుడు తలుపు చప్పుడైంది. నీ అడుగు నాకు తెలవదా? వచ్చింది, నా పక్క చాప వచ్చింది, ఇంక పర్లేదనుకుని కళ్లు మూసుకున్నా." కాస్త ఆగి ఊపిరి తీసుకుంది. "నువ్వు రాకపోతే పోయేదాన్నే."

"గంజి చల్లారిపోతోంది అత్తా" అన్నాను. నా నోట వచ్చింది అదే. ఊరంతటికీ ఉపన్యాసాలిచ్చే నోరు.

సాయంత్రం సావిడి గోడ మీద తోడునిధి వాళ్లు పంపిన బొమ్మ వేశారు. చల్లబండి, తెరుచుకుంటున్న తలుపు, రావమ్మని ఎత్తుకుంటున్న నేను. కింద అక్షరాలు: ఖాళీ చాపను గమనించి మిట్టమధ్యాహ్నం పరుగున వెళ్లిన సంఘం నిర్వాహకురాలు ఇందుమతి. ఊళ్లో వాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకాయన అయితే నా కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు. మస్తాన్‌బీ చప్పట్లు కొట్టలేదు. నా వంక చూసింది, అంతే. కోప్పడినా బాగుండేది.

సిగ్గంటే ముఖం ఎర్రబడడమని చిన్నప్పుడు అనుకునేదాన్ని. కాదు. ఐసు దిమ్మని వట్టి చేతులతో పట్టుకుని, దించలేనట్టు ఉంటుంది.

రెండో రోహిణి, ఆదివారం

చెప్పేశాను.

అందరూ చాపలు పరుచుకుంటున్నప్పుడు లేచి నిలబడ్డాను. ఇంకో ఉపన్యాసమేమోనని ముందు వరసవాళ్లు సర్దుకుని కూర్చున్నారు. నేను ఖాళీ చాప చూసి వెళ్లలేదని చెప్పాను. సోమవారం చూశాను, వెళ్లలేదు. మస్తాన్‌బీ వెళతానంటే పక్క చాప నాది, నేనే చూసుకుంటానన్నాను. మెట్ల దాకా వెళ్లి కాలు చురుక్కుమందని తిరిగి వచ్చాను. మంగళవారం కూడా వెళ్లింది రావమ్మ కోసం కాదు, దొరసానికి ఇల్లు చూపించడానికి. చలువ గాజు తీస్తున్నప్పుడు అక్కడే ఉన్నాను. కళ్ల ముందు తీసి పాలల్లో వేస్తే, పగల్లేదని సంబరపడ్డాను గానీ, ఇక ఆ చేతికి గాజు లేదన్న ఆలోచన రాలేదు. ఇంతకాలం మనం ఊళ్లో మొగుడు పోయిన ప్రతి ఆడదాని చేతి గాజూ తీసేస్తూనే ఉన్నాం. గాజే పెట్టాలని పట్టుబట్టిన మహాతల్లిని నేను.

వెనక నుంచి ఎవరో, "మరి మొన్న దణ్ణం పెట్టించుకున్నావుగా" అన్నారు. నిజమే. సగం వంగిన మనిషిని ఆపాను గానీ, ఎందుకు ఆపుతున్నానో చెప్పలేదు.

నేను చూస్తున్నది చీర కట్టిన మూల వైపు. రావమ్మ అక్కడే ఉంది, ప్రతి మాటా విని ఉంటుంది. లోపల్నుంచి మెల్లగా గొంతు వచ్చింది.

"మస్తానూ. నా చాప తీసి నీ పక్కన ఎయ్యమ్మా."

మస్తాన్‌బీ వచ్చి, నా పక్కనున్న చాప చుట్టి, భుజాన పెట్టుకుని తీసుకెళ్లింది. నేల మీద చాప ఉన్నంత మేర రంగు వేరుగా ఉంది.

రెండో రోహిణి, ఆఖరి వారం

హిమజగారికి కూడా ఉన్నదున్నట్టు రాశాను. జవాబు వెంటనే వచ్చింది. మంచిగానే రాశారు. నిజాయితీ మెచ్చుకున్నారు, లోపం దొరకడం మేలే అన్నారు. ఈసారి తీయడానికి వీల్లేని గాజు, తీస్తే బోర్డు మీద గంట మోగే గాజు చేయిస్తారట. ఆ జవాబు చదివి నాకు ప్రాణం లేచి వచ్చింది. అయితే తప్పు గాజుదే! ఒక పూటంతా ఆ సంతోషంలో ఉన్నాను. ఆ పూట గురించి కూడా సిగ్గుపడుతున్నాను కాబట్టి రాస్తున్నాను.

మస్తాన్‌బీకి చదివి వినిపించాను. ఐసు డబ్బా అంచు గీకుతూనే విన్నది. "తీత్తే మోగుద్దా. బానే ఉంది. మెట్ల మీదనుంచి ఎనక్కి వత్తే మోగేది కూడా చేత్తారేమో అడుగు" అంది.

సంఘం కూర్చుని తేల్చింది. గాజులు ఉంచుకుంటే ఉంచుకోవచ్చు, వద్దనరు. బోర్డు మాత్రం సావిట్లో ఉండకూడదు, ఐసు గదిలో పెట్టాలి. సావిట్లో చూడాల్సింది చాపలు. మిగతా ఊళ్లకి ఈ గాజులు ఇచ్చే ముందు మా ఊళ్లో జరిగిందంతా చెప్పాలని తోడునిధికి రాయించారు. ఆ రాత నాచేతే రాయించారు. బోర్డు నేనే విప్పి మోశాను. నేను తప్పుకుంటానని కూడా అన్నాను.

"తప్పుకుని?" అంది మస్తాన్‌బీ. "దిమ్మలెవరు ఎత్తుతారు?"

అప్పట్నుంచి సాంబయ్య పని నేను చేస్తున్నాను. గోనెపట్టా భుజాన వేసుకుని పడవలకి ఐసు ఎత్తుతున్నాను. ఇదే పనిని ఇన్నాళ్లు అతను ఈలవేస్తూ ఎలా చేశాడో. పడవవాళ్లు నాతో అవసరమైనంతే మాట్లాడుతున్నారు. సావిట్లో నాకు ఓ పక్క స్తంభం, ఓ పక్క ఖాళీ నేల. ఎవరూ అక్కడ చాప వేయలేదు. వేయమని ఎవరిని అడుగుతాను?

మూడో రోహిణి, మొదటి రోజు

మూడో రోహిణి అన్నిటికంటే చెడ్డది. ఈ ఉదయం దిమ్మలు ఎత్తాక సావిడి వైపు వెళ్లకుండా ఇంటికి వచ్చేశాను. చావాలని కాదు. అంత గొప్ప ఉద్దేశాలేం లేవు. ఆ ఖాళీ నేల పక్కన, అంతమంది కళ్ల ముందు, మళ్లీ పడుకోవడం చేతకాలేదు. తడిగుడ్డ ముఖాన వేసుకుని పడుకుంటే ఈ ఒక్కరోజుకి గడిచిపోదా అనుకున్నాను. పక్క చాప లేనిదాన్ని, నాకోసం లేచి రావాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. అందులో కాస్త సుఖం కూడా ఉంది.

రేకుల మీద ఎండ చిటచిటలాడుతోంది. ఎంతసేపు గడిచిందో తెలియదు. గుడ్డ ఎండిపోయింది, తడుపుకుందామంటే లేవబుద్ధి కాలేదు. బయట కర్ర పోటు వినిపించింది. ఒక అడుగు, ఒక ఈడ్పు, కర్ర పోటు. తలుపు తోసుకుని రావమ్మ వచ్చింది.

నెత్తిన ఏమీ లేదు. చేతులు బోసిగా, నుదురు బోసిగా, ముఖమంతా చెమట. పిలవందే గడప దాటకూడని మనిషి ఎవరూ పిలవకుండా సావిట్లోంచి బయటికి వచ్చింది. అందరి ఎదుటా చీర తొలగించుకుని వచ్చిందని తర్వాత తెలిసింది. పెద్దలు ఏదో అనబోతే, "పక్కకి తప్పుకోండి, ఎండెక్కుతోంది" అందట.

"లెగమ్మాయ్" అంది.

కోడలా అనలేదు.

"నీ చాప తీసేసుకున్నావుగా అత్తా" అన్నాను. పడుకునే అన్నాను, కూర్చోవడానికి కూడా ముఖం లేదు.

"తీసేసుకున్నా. నీ పక్కన నాకు నిద్ర పట్టదు. ఎప్పటికి పడుద్దో కూడా తెలవదు." గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకుంది. "అయితే ఏంటి? ఎండలో వదిలెయ్యమంటావా?"

ఆమె నా కుండలో చెయ్యి పెట్టి, తను తెచ్చిన గుడ్డ తడిపి, నీళ్లు కారుతుండగానే నా నెత్తిన కప్పింది. పక్క చాపవాళ్లు చేసే పద్ధతిలోనే, అంచు నుదుటి మీదికి లాగి, చెవుల వెనక దోపింది. ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. కర్ర తీసుకుని ముందు నడిచింది.

నేను వెనకాల నడిచాను. ఆమె కాలు ఈడుస్తోంది కాబట్టి మెల్లగా నడవాల్సి వచ్చింది. ఆసరాగా నా చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. తడిగుడ్డ నా నెత్తి మీద ఉంది, ఆమె నెత్తి మీద ఎండ ఉంది. గుడ్డ తీసి ఆమెకి కప్పబోతే, "పిలుచుకొచ్చేది నేను" అంది.

దారిలో ఆమె ఇల్లు వచ్చింది. మట్టిగోడలు, దగ్గరగా వేసిన తలుపు. అక్కడ ఆమె ఆగలేదు, తల తిప్పి కూడా చూడలేదు. నేను చూశాను. ఆ గడప దగ్గర నిలబడితే సావిడి మెట్లు కనపడుతున్నాయి. నేను ఆరోజు కాలు వెనక్కి తీసుకున్న మెట్టు కనపడుతోంది. ఇక్కణ్ణుంచి అక్కడికి కుంటికాలుతో ఆమె నడిచింది, వెనక నేను నడిచాను. నా నెత్తిన గుడ్డ ఆరనైనా ఆరలేదు, సావిడి వచ్చేసింది.